దవడలో ఉక్కు గోలీ

ఉక్కుకు రుచి ఉంటుందని నాకు ఇంతకాలం తెలియదు. ముందు గ్రీజు చేదు, దాని వెనక పెట్రోలు ఘాటు, ఆ రెండూ ఉమ్ములో కలిసి గొంతు దిగిపోయాక మిగిలేది చల్లటి ఉప్పదనం, చిన్నప్పుడు పన్ను ఊడినచోట నాలుక పెడితే తగిలేది. శనగగింజంత గోలీ. ఎడమ దవడకూ చిగురుకూ మధ్య, మా అమ్మ వక్కపలుకు దాచుకునే చోట దాచాను. చూసేవాళ్లకు ఏమీ తెలియదు, తెలిసినా పన్ను వాచిందనుకుంటారు, అయినా నా పన్ను సంగతి ఈ దుకాణంలో అడిగేవాళ్లెవరు గనక. ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలో నా మొగుడు సాయిలు కూర్చున్నాడు. పక్షవాతం కొట్టిన కుడిచేతిని ఒళ్లో పడుకోబెట్టుకుని, స్టాండు మీద నిలబెట్టిన ఇంజన్ సైకిల్‌ను రెప్ప వేయకుండా చూస్తున్నాడు. అది ఎందుకు పనిచేయడం లేదో ఆయనకు అంతు పట్టడం లేదు. ఆ కారణం నా నోట్లో ఉంది. మొగుడి పేరు పైకి పలకకూడదు, సరే, పలకను. లోపల పలికితే అడ్డమెవరు, సాయిలు, సాయిలు, సాయిలుగాడు.

సైకిల్ వేణుది. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఒక పెద్ద ఆఫీసు గేటు ముందు చాయ్ అమ్ముతాడు. వెనక క్యారియర్ మీద రెండు పెద్ద ఫ్లాస్కులు, ముందు హ్యాండిల్‌కు గ్లాసుల బుట్ట, కింద ఫ్రేము మధ్యలో సాయిలు బిగించిన చిన్న పెట్రోలు ఇంజన్. వంతెన ఎక్కేటప్పుడు ఇంజన్ అరుస్తోంది గానీ చక్రం కదలడం లేదని మధ్యాహ్నం తోసుకుంటూ తెచ్చాడు. సాయిలు ఎడమచేత్తో స్క్రూడ్రైవర్ పట్టుకుని దాని పిడి చెవికి, మొన ఇంజన్‌కు ఆనించి విని, గ్రీజు ఎక్కువైందన్నాడు. అన్నాడంటే, గ్రీ దగ్గర కాసేపు ఆగి, జు దగ్గర కాసేపు ఆగి అన్నాడు. నిజమే. ఎక్కువ పెడితే ఎక్కువ మంచిదనుకుని వేణు తనే గేర్ల పెట్టె విప్పి గుప్పెడు కుక్కాడు. గేరు పళ్లకు కాటుకంత రాస్తే చాలు, మిగిలినదంతా తిరుగుడుకు చిమ్మి పక్కనే ఉన్న క్లచ్ ముక్కల మీద పడుతుంది, ఇక అవి పట్టుకోక జారిపోతాయి. నేను మూత విప్పి గ్రీజంతా గుడ్డతో తుడిచాను, ముక్కలు పెట్రోల్లో కడిగాను, గరుకు కాగితం మీద రుద్దాను, పళ్లకు కాటుకంత రాశాను. అంతవరకు బాగానే ఉంది. తర్వాత ఎడమవైపు పిన్ను తీసి దానికీ గ్రీజు పూయాలి. తీయించాడు. తీయించాక బండిని బోర్లించమన్నాడు.

సాయిలు లింగంపల్లి స్టేషన్ రోడ్డులో పంక్చర్లు వేస్తూ పని నేర్చినవాడు. ఏ సైకిల్ వచ్చినా సీటూ హ్యాండిలూ నేలకు, చక్రాలు ఆకాశానికి, అదే అలవాటు. ఇంజన్ కట్టిన సైకిల్‌ను అలా తిప్పకూడదు, పిన్ను తీశాక అసలే తిప్పకూడదు, ఎడమకు ఒరగ్గానే లోపలున్న గోలీ జారి పడిపోతుంది. తన చేతులతో చేసేటప్పుడు సాయిలు పిన్ను తీయగానే అయస్కాంతం ఉన్న పుల్లతో గోలీని లాగి డబ్బా మూతలో బీడీ పక్కన వేసుకునేవాడు. ఆ తర్వాతే తిప్పేవాడు. ఆ మాట ఎవరికీ చెప్పలేదు, చెప్పవలసిన అవసరం రాలేదు, అది ఆయన చేతికి తెలిసిన పని. చెయ్యి చచ్చిపోతూ దాన్నీ పట్టుకుపోయింది. నాకెలా తెలుసంటే, గుమ్మంలో నిలబడి అన్నేళ్లు చూశాను గనక. తిప్పొద్దేమో అన్నాను. దద్దమ్మా, తిప్పమంటే తిప్పు అన్నాడు. ఆ మాట మాత్రం ఎక్కడా ఆగకుండా వచ్చింది. తిప్పాను. గోలీ టక్కున పడి దుమ్ములో దొర్లి నా కాలివేలు దగ్గర ఆగింది. వేణు ఫోన్లో ఉన్నాడు, సాయిలు పెట్రోలు కారుతుందేమోనని ట్యాంకు మూత చూస్తున్నాడు. వంగి తీశాను. కొంగుతో ముఖం తుడుచుకున్నాను. ఆ తర్వాత చూసుకుంటే గోలీ నోట్లో ఉంది.

ఇదంతా ముందే అనుకుని చేశానా అంటే, లేదు. ఇప్పుడు మాత్రం అనుకునే కూర్చున్నాను. మింగలేక కక్కలేక అంటారే, అలాంటి బాధేమీ లేదు, హాయిగా ఉంది. ఒక్క మాట మాత్రం నాకు నేను ఇచ్చుకున్నాను. నన్ను అడగాలి. తిట్టి కాదు, అరిచి కాదు, నీకేమైనా తెలుసా అని మనిషిని అడిగినట్టు ఒక్కసారి అడిగితే తీసి పెట్టేస్తాను. ఎక్కువ కోరానా. దవాఖానలో డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి చెప్పింది, మీ ఆయనకు చెయ్యి రాదు, మాటలు మాత్రం మెల్లగా రావచ్చు, మాట దొరక్క తడుముకుంటుంటే మీరు వెంటనే అందించకండి, వెతుక్కోనివ్వండి, మీరు అందిస్తే ఆ బుర్ర బద్ధకించిపోతుందని. అందించడం లేదమ్మా. నీ మాట జవదాటడం లేదు. ఇంకో విచిత్రం కూడా ఆవిడే చెప్పింది, ఈ జబ్బులో నీళ్లు, అన్నం, చెప్పు లాంటి మాటలు పోయినా తిట్లు పోవట, అవి వేరే అరలో ఉంటాయట. ఇంటికి వచ్చాక చూశాను. చెంబు అనడానికి చెమటలు పట్టేవి, మొద్దుముండా అనడం మాత్రం నల్లా తిప్పినట్టు వచ్చేది. అన్నం కలిపి నోట్లో పెట్టేది నేను, స్నానం పోసేది నేను, దొడ్డికి తీసుకెళ్లి కడిగేది నేను. మిగిలిన ఆ నాలుగు మాటలూ పడేది కూడా నేనే. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు, ఈయనకు ఊరు ఎప్పుడూ మంచిదే, ఇల్లే కాదు.

పిన్ను పెట్టించి, బండిని మళ్లీ స్టాండు మీద నిలబెట్టించి, ఇప్పుడు తీగ చూడమంటున్నాడు. చూశాను. హ్యాండిల్ మీద ఎడమచేతి లివర్ పిసికితే తీగ లాగాలి, తీగ పిన్నును తోయాలి, పిన్ను గోలీని, గోలీ పొడుగాటి కడ్డీని, కడ్డీ అవతలివైపు పళ్లేన్ని తోస్తే అప్పుడు ఇంజన్ చక్రాన్ని వదులుతుంది. గోలీ లేదు గనక పిన్ను గాలిని తోస్తోంది. తీగ బిగించమన్నాడు, బిగించాను, వదలలేదు. లివర్ మార్చమన్నాడు, మార్చాను, వదలలేదు. పళ్లెం నట్టు పావు చుట్టు వదులు చెయ్యమన్నాడు, చేశాను. చెప్పినవన్నీ సరైనవే, అదే నాకు నవ్వు తెప్పిస్తోంది, మెట్లన్నీ సరిగ్గా ఎక్కి తలుపు దగ్గర తాళంచెవి లేక నిలబడ్డాడు. లోపలివన్నీ పెట్టావా అని అడిగాడు. తల ఊపాను. అంతే, ఇక దాని జోలికి రాలేదు. నేను మరిచిపోతానని అనుకోగలడు, చెడగొడతానని అనుకోగలడు, అబద్ధం ఆడేంత తెలివి నాకుందని మాత్రం ఆయనకు తోచదు. వేణు గడియారం చూసుకుంటున్నాడు. నాలుగింటికి గేటు దగ్గర లేకపోతే ఆ జాగాలో ఇంకొకడు బండి పెడతాడట, ఆఫీసువాళ్లకు చాయ్ ఎవరిదైతేనేం, కప్పులో పడితే చాలు. ఉస్తాద్, జర చూడున్రి, అంటున్నాడు. ఉస్తాద్ చూస్తున్నాడు.

రేకుల కప్పు వేడికి టకటకమంటోంది. వెనక గేటెడ్ కమ్యూనిటీ ప్రహరీ, ముందు టిప్పర్లు లేపే ఎర్రదుమ్ము, దుమ్ముకు అవతల అద్దాల మేడలు. మెడలో ఆఫీసు కార్డుల పట్టీలు వేలాడేసుకున్న పిల్లలు భోజనం చేసి గుంపులుగా వెనక్కి నడుస్తున్నారు. పుప్పాలగూడలో ఈ రోడ్డు మట్టిబాటగా ఉన్నప్పుడు పెట్టిన దుకాణం ఇది. రాత్రి డ్యూటీ దిగి బస్సు దొరక్క నడిచే సెక్యూరిటీ గార్డులు, చాయ్‌వాళ్లు, తోటమాలులు, వీళ్ల పాత సైకిళ్లకు ఇంజన్లు కట్టి సాయిలు ఉస్తాద్ అయ్యాడు. నా మెడలో తాళి కట్టినప్పుడు కూడా ఆ ముఖం అంత వెలగలేదు, ఉస్తాద్ అంటే వెలిగేది. పనిముట్లు నేను ముట్టకూడదు. దసరాకు పానాలు, సుత్తెలు కడిగి పీట మీద పేర్చి పసుపు కుంకుమ పెడతారు కదా, పరమాన్నం వండేది నేను, బొట్టు పెట్టేది ఆయన, నేను గుమ్మం బయట. ఒకసారి ఆయన చాయ్‌కి వెళ్లినప్పుడు ఒక గార్డు వచ్చి నట్టు వదులైందంటే పానా తీసి బిగించాను. పాపం బాగా బిగించాను. తిరిగి వచ్చి ఆ నట్టు విప్పి, పెట్రోల్లో ముంచి కడిగి, మళ్లీ తనే బిగించాడు, ఆడచెయ్యి పడిన నట్టు ఎంతదూరం పోతది అని. గార్డు నవ్వాడు. పక్కన చాయ్ పోస్తున్న వేణు కూడా నవ్వాడు. నేను కూడా నవ్వాను, నవ్వకపోతే ఏం బాగుంటుంది. వేడి సైలెన్సర్ మీద నా చెయ్యి పడి చర్మం ఊడిపోయిన రోజు ముందు సైలెన్సర్‌కు సొట్ట పడిందేమో చూశాడు. ఇప్పుడు ఆ చేతులే ఆయన చేతులు. రోజూ పొద్దున కుర్చీతో సహా ఇక్కడ కూర్చోబెడతాను, ఆయన చెబుతాడు, నేను చేస్తాను. వచ్చిన ప్రతివాడికీ ఎడమచేత్తో నుదురు తట్టి చూపిస్తాడు, చెయ్యి పోయింది గానీ తలకాయ సాఫ్ ఉన్నదని. పొద్దున లేస్తే ఆయన్ను మంచం దింపేది ఆ ఒక్క మాటే. అది నాకు తెలుసు. తెలిసే గోలీని నాలుకతో కుడి దవడకు మార్చాను, ఎడమవైపు చిగురు మంట పుడుతోంది.

ఏదో తట్టింది ఆయనకు. కళ్లు చిన్నవయ్యాయి. అది, అంటున్నాడు. లోపల, అంటున్నాడు. ఎడమచేతి బొటనవేలూ చూపుడువేలూ కలిపి గుండ్రంగా చేసి చూపించాడు. దొరికింది, మాట తప్ప అంతా దొరికింది. నేను లేచి వాషర్ తెచ్చి చూపించాను. కాదు. నట్టు తెచ్చాను. కాదు, కాదు. గ్రీజు డబ్బా గుండ్రని మూత తెచ్చాను, అప్పుడు తిట్టాడు, శుభ్రంగా, అక్షరం పొల్లు పోకుండా. వేణు కూడా సాయం పట్టాడు, బుష్షా ఉస్తాద్, రింగా ఉస్తాద్, బిళ్లనా, పిల్లలు పొడుపుకథ విప్పినట్టు. ప్రతిదానికీ సాయిలు తల అడ్డంగా ఊపుతున్నాడు, వేళ్లు మాత్రం విప్పడం లేదు, ఆ వేళ్ల మధ్య ఖాళీలో గోలీ ఉన్నట్టే పట్టుకున్నాడు. పెదవి కుడిపక్క ఉమ్ము కారింది. తుడిచాను. అంత దగ్గరికి వంగినప్పుడు, నేను నోరు తెరిస్తే ఆయన ఒళ్లో పడుతుంది. తెరవలేదు. గో అన్నాడు ఒకసారి. నిజంగానే అన్నాడు, నేను విన్నాను, వేణుకు వినబడలేదు. గో, గో, అని, తర్వాత గొడుగు అన్నాడు. ఆ మాట తప్పని ఆయనకే తెలిసి ముఖం ముడుచుకుపోయింది. వేణు నా వైపు చూసి తల దించుకున్నాడు.

"పోనీ తియ్యి పెద్దాయనా," అన్నాడు వేణు. "జోరు చెయ్యకు. లింగంపల్లిల ఇంకొకాయన ఉన్నడు, ఆడికి తోల్కపోత."

పెద్దాయనా అన్నాడు. ఉస్తాద్ పోయి పెద్దాయన వచ్చాడు. ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది, సాయిలు వేళ్లు విడిపోయి చెయ్యి మోకాలి మీద పడింది. వేణుకు తాను ఏమన్నాడో తెలియనే తెలియదు. ఫ్లాస్కులు గేటు దాకా మోసుకుపోవడానికి రమ్మని పెళ్లానికి చెప్పాలంటూ, టిప్పర్ల చప్పుడుకు దూరంగా ఫోన్ పట్టుకుని రోడ్డు దాటి అవతలికి పోయాడు. దుకాణంలో మేమిద్దరమే మిగిలాం. ఆయన ఏడుస్తాడేమోనని చూశాను. ఏడవలేదు. సైకిల్ వైపు కూడా చూడలేదు. చాలాసేపు నా చేతుల వైపు చూశాడు, గోళ్లలో గ్రీజు నిండిన నా చేతులు, సైలెన్సర్ మచ్చ ఉన్న చెయ్యి. అప్పుడు పిలిచాడు. ఇల్లు దాటాక ఏయ్ తప్ప ఇంకో పేరు లేని నన్ను, పేరు పెట్టి పిలిచాడు.

"భూలక్ష్మీ," అన్నాడు. "నీకు... ఎర్కనా?"

ఆ మూడు అక్షరాల పేరు అంతా సరిగ్గా వచ్చింది. ఎక్కడ దాచుకున్నాడో ఇన్నాళ్లు. జాలేసింది, ఎందుకు దాచాలి, కడుపులోంచి జాలేసింది, ఈ ముఖాన్నే నేను పెళ్లిచూపుల్లో తలుపు సందులోంచి చూసి సరేనన్నది, మీసం ఉండేది అప్పుడు. మాట ఇచ్చుకున్నాను, నిలబెట్టుకున్నాను. పక్కకు తిరిగి కొంగుతో ముఖం తుడుచుకున్నాను, గోలీ కొంగులోకి, కొంగులోంచి అరచేతిలోకి వచ్చింది. మూత విప్పి పిన్ను లాగి, గోలీకి కాస్త గ్రీజు అద్ది రంధ్రంలోకి తోశాను. చక్రాల చాటున చేశాను, ఆయనకు నా వీపు తప్ప ఏమీ కనబడదు. పిన్ను పెట్టాను. తీగ తగిలించాను, నట్టు పావు చుట్టు బిగించాను. లివర్ పిసికాను. లోపల టక్కుమంది, చక్రం తిప్పితే గిర్రున తిరిగింది, ఇంజన్ దాని దారిన అది ఊరుకుంది. ఎంత తేలిక.

ఇక చెప్పాలి. గోలీ కింద పడింది, దొరికింది అంటే చాలు. అంటే ఏమవుతుంది, తలకాయ సాఫ్‌గానే ఉందని మళ్లీ నుదురు తట్టుకుంటాడు, గో అన్నది గోలీయేనని గుర్తొస్తుంది, దద్దమ్మా కింద పారేశావా అంటాడు. వేణు రాగానే చెబుతాడు, ఆడచెయ్యి కథ ఇంకొకటి చేరుతుంది, ఇద్దరూ నవ్వుతారు, నేనూ నవ్వాలి. ఇప్పుడే పిలిచిన ఆ పేరు రేపటికి మళ్లీ ఏయ్ అయిపోతుంది. అదంతా చక్రం తిరిగి ఆగేంతలో చూశాను. నోరు ఖాళీగా ఉంది, చాలాసేపటి తర్వాత నోరు ఖాళీగా ఉంది, ఏ మాటైనా పడుతుంది అందులో. వేణు రోడ్డు దాటి వచ్చాడు, తిరిగే చక్రం చూసి చేతిలో ఫోన్ జేబులో వేసుకోవడం కూడా మరిచిపోయాడు. ఏముండె వదినా అని అడిగాడు.

"లోపటి గోలీ లేకుండె," అన్నాను. "మీ ఉస్తాదే చెప్పిండు, నువ్వు అటు పోంగనే. గోలీ చూడు అన్నడు. చూస్తే కిందనే ఉన్నది."

ఊరికే ఉస్తాద్ అంటమా, అని వేణు తొడ చరిచి, వంగి ఆయన మోకాళ్లు తాకి, చూశావా ఇందాక నేనే తొందరపడి ఏదో అనేశానని నొచ్చుకుని, ఇంకా ఏమేమో అన్నాడు. ఫ్లాస్కులు కట్టుకున్నాడు. తొక్కి లివర్ వదిలితే ఇంజన్ మొదటి దెబ్బకే అందుకుంది. పొగ పోయేదాకా నేను పనిముట్లు సర్దుతూ కూర్చున్నాను. సాయిలు ముఖం వెలగలేదు. వేణు ఉస్తాద్ అని రెండుసార్లు అన్నా వెలగలేదు. సందు సందూ వెతుకుతున్నాడు లోపల, నాకు కనబడుతూనే ఉంది, కనురెప్పల కింద గుడ్లు అటూ ఇటూ తిరుగుతున్నాయి. పెదవులు కదిలాయి. గోలీ, అన్నాడు మెల్లగా. ఇప్పుడు సాఫీగా వచ్చింది. మళ్లీ ఒకసారి అని చూసుకున్నాడు, గోలీ.

"నేను చెప్పిన్నా?"

"చెప్పినవ్ గద."

"ఎప్పుడు?"

"ఇప్పుడే. నన్ను పేరు పెట్టి పిల్వకముందు. గప్పుడే మర్శినవా?"

నా కళ్లలోకి చూశాడు. అబద్ధమేమోనని చూడలేదు, ఆ అనుమానం ఆయనకు రాదని చెప్పాను కదా. పాఠం మరిచిన పిల్లవాడు పంతులును చూసినట్టు చూశాడు. నేను పానాలు ఒక్కొక్కటీ గుడ్డతో తుడిచి పెట్టెలో పెడుతున్నాను, చిన్నవి ముందు, పెద్దవి తర్వాత. పెట్టె మూసి లేచాను. ఆయన ఎడమచెయ్యి నుదుటి దాకా వెళ్లి, తట్టకుండా ఆగి, అక్కడే ఉండిపోయింది.

"ఇంకా..." అన్నాడు. మాట కోసం చాలాసేపు వెతికాడు. డాక్టరమ్మ చెప్పినట్టే నేను అందించలేదు. "ఇంకా... ఏమేం మర్శిన?"

"ఇంటికి పోయినంక చెప్త," అన్నాను, ఆయన్ను లేపడానికి చంక కింద చెయ్యి వేస్తూ.